గాడిచర్ల టోపీ

ఈమధ్య కుర్రాళ్ళు రాసే కథల్లో భవిష్యత్తంతా జైలే. ఏ పోటీకి కథలు చదివిపెట్టే పని ఒప్పుకున్నా, కట్టలో అలాంటివి కొన్ని తగలకుండా ఉండవు. ఊరికి పేరుండదు. ఆకాశం కనిపించదు. గోడ నిండా కెమెరాలు. ఖైదీలందరికీ బూడిదరంగు బట్టలు, రొమ్ము మీద నంబరు. "అందరూ ఒకేలా ఉన్నారు" అని ఒక్క వాక్యం రాసేసి రచయిత తర్వాతి పేరాకు వెళ్ళిపోతాడు. నాకు పేచీ ఆ వాక్యంతోనే. 'స్క్విడ్ గేమ్'లో 456 మంది ఆకుపచ్చ ట్రాక్ సూట్లు తొడుక్కుని వరసగా నిలబడటం 2021లోనే లోకమంతా చూసేసింది. ఇంకా రొమ్ము మీద నంబరు చూసి ఉలిక్కిపడే పాఠకుడు ఎక్కడున్నాడు?

బట్ట మనిషిని ఎలా మింగుతుందో రాయాలంటే ముందు బట్ట సంగతి తెలియాలి. ఎవరు కుట్టారు, ఎవరు ఉతుకుతారు, లాగుకు బొందు ఉందా, చొక్కాకు జేబు ఉందా, దాని మీద ఉన్న రాత ఎవరు రాసింది? ఇవేవీ లేకుండా 'తన అస్తిత్వాన్ని కోల్పోయాడు' అని రాస్తే కథలో సంపాదకీయం దూరినట్టు ఉంటుంది.

ఆ కుర్రాళ్ళు నన్ను కలిసినప్పుడు నేను చెప్పే మొదటి పేరు జమ్యాతిన్‌ది కాదు, ఆర్వెల్‌ది కాదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుది.

మన సీమ మనిషే. 1883లో కర్నూలులో పుట్టాడు. మద్రాసులో ఎం.ఏ. చదివి, రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణకు చేరాడు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చినప్పుడు రాజమండ్రి విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు రొమ్ముకు తగిలించుకుని కాలేజీకి వచ్చారు. ప్రిన్సిపల్ మార్క్ హంటర్‌కు ఆ చిన్న గుడ్డముక్క కంటగింపైంది. వెళ్ళగొట్టిన వాళ్ళలో గాడిచర్ల ఒకరు. సర్కారు ఉద్యోగానికి కూడా ఆయన పనికిరాడని తేల్చేశారు. మరుసటేడు బెజవాడ నుంచి 'స్వరాజ్య' పత్రిక నడుపుతూ, తిరునల్వేలిలో పోలీసులు జరిపిన కాల్పుల మీద మండిపడి రాసినందుకు రాజద్రోహం కేసు పెట్టారు. ముందు తక్కువ శిక్షే పడింది. అది చాలదని ప్రభుత్వమే పై కోర్టుకు వెళ్ళి మూడేళ్ళు వేయించింది. రాయవెల్లూరు, అంటే వెల్లూరు, జైలుకు పంపారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళు.

వెల్లూరులో ఆయన ఏ వాలకంలో ఉన్నారో జీవితచరిత్రల్లో ఉంది. బందిపోటుకు వేసినట్టు కాళ్ళకూ చేతులకూ గొలుసులు. మొలకు గోచి. ఒక కంబళి. తల మీద టోపీ, ఆ టోపీ మీద 'మూడేళ్ళ శిక్ష' అనే రాత. మట్టిచిప్పలో పురుగులు కలిసిన రాగిసంకటి. (సంకటిని శిక్షగా ఎందుకు లెక్కేశారని మా పక్క వాళ్ళకు అనుమానం రావచ్చు. శిక్ష సంకటి కాదులెండి, అందులోని పురుగులు.)

నేను ఆ టోపీ దగ్గర ఆగిపోతాను. ఏడాది కిందట ఆయన తన రొమ్ము మీద ఒక మాట పెట్టుకున్నారు. తను ఎంచుకున్న మాట అది, తన చేత్తో గుచ్చుకున్నది. ఇప్పుడు తల మీద మరో మాట ఉంది. రాసినవాడు వేరు. పైగా టోపీ మీది రాత పెట్టుకున్నవాడికి కనిపించదు. ఎదురుగా వచ్చే ప్రతివాడూ చదువుతాడు, మోసేవాడు చదవలేడు. నుదుటి మీద బ్రహ్మ రాసింది మనకు కనిపించదని పెద్దలు అంటారు. ఇక్కడ ఆ పని జైలరు చేశాడు. ఇంకో సంగతి, టోపీ మీద ఆయన పేరు లేదు, ఊరు లేదు, చేసిన నేరం కూడా లేదు. ఉన్నదల్లా ఎన్నేళ్ళు అన్నదే. మనిషిని గడువుగా మార్చేశారు. ఇరవై రెండో శతాబ్దంలో జరిగే ఏ కథలోనూ ఇంత పదునైన వివరం నేను చదవలేదు. ఇది 1908 నాటి మద్రాసు రాజధానిలో జరిగింది.

ఆ జైలు మాకేమీ దూరం కాదు. మా చంద్రగిరిలో రైలెక్కితే పాకాల, చిత్తూరు దాటి కాట్పాడి. అక్కడ దిగితే వెల్లూరే. 1908లోనైతే రెండూ ఒకే జిల్లాలో ఉండేవి, ఉత్తర ఆర్కాటులో. చిత్తూరు జిల్లా 1911లో గానీ పుట్టలేదు. కోట, రాజమహల్, అచ్యుతరాయల కాలం, 1639 నాటి మద్రాసు దానం అంటూ మా ఊరికొచ్చేవాళ్ళకు చెప్పడానికి మా దగ్గర చాలా ఉన్నాయి. పక్కనున్న వెల్లూరు జైలు గురించి మాత్రం మేం ఎప్పుడూ చెప్పం. తెలుగు నవలకు సగం పురుడు అక్కడే పోశారనొచ్చు. పల్నాడు అడవి సత్యాగ్రహంలో అరెస్టయిన ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' రాసింది ఆ జైల్లోనే. తర్వాత ప్రభుత్వం దాన్ని నిషేధించింది కూడా.

ఇప్పుడు రష్యన్ రచయిత జమ్యాతిన్ దగ్గరకు పోదాం. ఆయన 'మేము' అనే నవల 1920, 21 ప్రాంతంలో రాశాడు. ఆ లోకంలో జనానికి పేర్లు లేవు, అక్షరాలూ అంకెలే. అందరికీ నీలిబూడిద రంగు యూనిఫారం, దాని మీద నంబరు చెక్కిన లోహపు బిళ్ళ. ఈ నవల చదివినవాళ్ళంతా ఆ యూనిఫారాన్ని గుర్తుపెట్టుకుంటారు. నాకు గుర్తుండేది వేరే గుడ్డ. నగరంలో మ్యూజియంలా మిగిల్చిన పాతకాలపు ఇల్లు ఒకటి ఉంటుంది. కథానాయిక అక్కడికి పోయి, బీరువాలోంచి ఎప్పటిదో పసుపుపచ్చ పట్టు గౌను తీసి వేసుకుంటుంది. లెక్కలు తప్ప ఏమీ తెలియని ఇంజనీరు కథానాయకుడికి అప్పుడే మతిపోతుంది. వందల పేజీల బూడిదరంగుకు ఉసురు పోసింది ఆ ఒక్క పచ్చ గౌను. కుర్రాళ్ళు బూడిదరంగును మాత్రం అరువు తెచ్చుకుని పచ్చ గౌనును అక్కడే వదిలేసి వస్తున్నారు. జమ్యాతిన్ ఊరికే ఊహించి రాయలేదు. జారు కాలంలోనూ, బోల్షెవిక్కుల కాలంలోనూ జైలుకు వెళ్ళొచ్చినవాడు.

ఆర్వెల్ ఇంకా గడుసు. '1984'లో పార్టీలో కింది స్థాయి వాళ్ళంతా నీలం ఓవరాల్స్ వేసుకుంటారు. కథానాయకుడు విన్‌స్టన్‌ను పట్టుకెళ్ళి జైల్లో పడేసినప్పుడు ఒంటి మీద ఉన్నదీ ఆ ఓవరాల్సే. లోపలికి వచ్చాక బట్టలు మార్చాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే బయట వేసుకున్నదీ ఖైదీ బట్టే. ఈ మాట ఆర్వెల్ ఎక్కడా నోరు తెరిచి చెప్పడు. ఆ గదిలో ఇంకో సంగతి జరుగుతుంది. ఆకలేసి, రొట్టె ముక్క ఏదైనా మిగిలిందేమో అని విన్‌స్టన్ జేబులో చెయ్యి పెడతాడు. వెంటనే గోడలోంచి గద్దింపు వినిపిస్తుంది, చేతులు బయటికి తీయమని. జైల్లో జేబులో చెయ్యి పెట్టుకోకూడదు. చొక్కా తీసేసుకోలేదు, జేబు కత్తిరించలేదు, జేబు మీద హక్కు ఒక్కటే లాగేసుకున్నారు. 

సోల్జెనిత్సిన్ రాసిన 'ఇవాన్ డెనిసోవిచ్ జీవితంలో ఒక రోజు' 1962లో వచ్చింది. అది డిస్టోపియా, అంటే ఊహించిన పీడకల లోకం, కాదు, ఆయన అనుభవించిన శిబిరమే. అందులో ఖైదీల టోపీ మీద, రొమ్ము మీద, వీపు మీద, మోకాలి మీద నంబర్లు. అవి చెరిగిపోతే మళ్ళీ దిద్దడానికి శిబిరంలోనే చిత్రకారులుంటారు, వాళ్ళూ ఖైదీలే. బొమ్మలు వేయాల్సిన కుంచె తోటి ఖైదీ టోపీ మీద నంబరు దిద్దుతూ ఉంటుంది. ఇదంతా ఒక ఎత్తు, కథానాయకుడు షూఖోవ్ తన కోటు లోపలి వైపు తనే కుట్టుకున్న చిన్న తెల్ల జేబు ఒక ఎత్తు. అందులో రొట్టె దాచుకుంటాడు. నాలుగు చోట్ల ప్రభుత్వం రాసిన బట్టల్లో ఒక్క చోటు అతనిది. అతన్ని గురించి ఎవరైనా ఒక్క ముక్కలో చెప్పమంటే నేను నంబరు చెప్పను, ఆ జేబు చెబుతాను.

జేబు సంగతి నాకు పట్టుబడింది పుస్తకాల్లో కాదు, మా ఊరి టైలరు దగ్గర. జూన్ నెలొస్తే ఆయన అంగట్లో అడుగు పెట్టడానికి సందుండదు. బడి గుడ్డలు కుట్టించుకునేవాళ్ళ సంచులు గుమ్మం దాకా పేర్చి ఉంటాయి. అంతా ఒకే రంగు, ఒకే తాను. 

"అన్నా, ఇన్ని చొక్కాలు ఒకేమాదిరి కుడ్తావుండావే, విసుగు రాదా?" అని అడిగినా.

"ఒకేమాదిరి యాడుండాయి సార్? గుడ్డ ఒకటే. వొకడు బొజ్జోడు, వొకడు కట్టెపుల్ల, ఇంకొకడికి ఎడం బుజం కిందికి. ఇస్కూలోళ్ళకు అందరూ ఒకటే. నాకు ఒకటైతే పొద్దునే వాళ్ళమ్మ వొచ్చి మొగాన గొడ్తాది" అన్నాడు తలెత్తకుండా. కాసేపాగి, "జోబీ పెట్టకుండా కుట్టిచూడు సార్. పిలకాయలు మళ్ళా మన అంగడికి రారు" అన్నాడు.

యూనిఫారం అనగానే విరుచుకుపడే మేధావులకు ఆ అంగడి చూపించాలి. ఒకే తానులోంచి కోసినా, కొలత తీసుకుని కుట్టిన చొక్కాలో పిల్లవాడు ఉంటాడు. ఖైదీ బట్టలో లేనిది ఆ కొలతే. పొడుగ్గా ఉన్నవాడికి పొట్టి లాగు, బక్కవాడికి వదులు చొక్కా. మన కేంద్ర కారాగారాల్లో నేత, కుట్టుపని ఎప్పటి నుంచో ఉన్నాయి. ఖైదీ తొడుక్కునే గుడ్డ చాలావరకు ఖైదీ చేతి పనే. తను నేసిన గుడ్డ తన ఒంటికి సరిపోని మనిషి మీద మన తెలుగులో ఒక కథ ఉండాలి. నేనింకా చదవలేదు.

వెనకట మా వీధుల్లో చాకలి గుర్తు అని ఉండేది. కాలరు లోపల, పంచె అంచు మీద, నల్లజీడి గింజ రసంతో ఒక చుక్కో గీతో కొక్కెమో. ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. ఇంటికో గుర్తు. ఆ గుర్తులన్నీ చాకలికి నోటికి వచ్చేవి, రాసిపెట్టుకున్న పుస్తకమేమీ ఉండేది కాదు. అదీ బట్ట మీద రాతే, దాన్నీ తొడుక్కున్నవాడు రాసుకోలేదు. కానీ ఆ గుర్తు ఉన్నది బట్టను తిరిగి ఇంటికి చేర్చడానికి. జైలు టోపీ మీది రాత మనిషిని ఇంటి నుంచి దూరం పెట్టడానికి. కథ రాసేవాళ్ళు నంబరు వేసే ముందు ఆ నంబరు ఏ పని చేస్తోందో చూసుకోవాలి. హాస్టలుకు పోయే కూతురి చున్నీ మూలన తల్లి దారంతో కుట్టే అక్షరమూ గుర్తే, ఖైదీ వీపు మీద అంకె కూడా గుర్తే.

గుండు సంగతీ అంతే. డిస్టోపియా కథల్లో బట్టల తర్వాత వచ్చేది తల గొరిగించడం. మా పక్క పాఠకుడికి ఆ సన్నివేశం చదివించి భయపెట్టాలంటే చాలా కష్టం. మా మండలంలోని శ్రీనివాసమంగాపురం దగ్గరి శ్రీవారి మెట్టు నుంచి తిరుమల ఎక్కేవాళ్ళలో చాలామంది తలనీలాలిచ్చే కల్యాణకట్టకు పోయేవాళ్ళే. కొండ దిగి వచ్చేటప్పుడు కోటీశ్వరుడూ కూలివాడూ ఒకే గుండుతో, ఒకే గంధంతో దిగుతారు. భార్యాభర్తలు కూడా ఒకరినొకరు ఒక క్షణం పోల్చుకోలేక నవ్వుకుంటారు. అక్కడ పోగొట్టుకోవాలనే పోయారు. మొక్కు వాళ్ళది, తల వాళ్ళది. కాబట్టి కత్తి తలకు ఆనింది, జుట్టు రాలింది అని రాస్తే చాలదు. ఆ తలను ఎవరు వంచారన్నది రాయాలి.

పైవాళ్ళ ముచ్చట కోసం వేసుకునే బట్ట జైలు దాకా పోకుండానే మనిషిని ఎంత ఇబ్బంది పెడుతుందో మనకు శ్రీనాథుడు ఎప్పుడో చెప్పాడు. కర్ణాట రాజ్యానికి పోయినప్పుడు ఆస్థాన మర్యాద కోసం కుళ్ళాయి పెట్టుకోవాల్సి వచ్చిందని, నిలువుటంగీ తొడుక్కోవాల్సి వచ్చిందని ఆయన మొత్తుకున్న చాటువు ఇప్పటికీ వినిపిస్తుంది. తిరుమల గుడిలోకి అడుగు పెట్టగానే కనిపించే కృష్ణదేవరాయల లోహ విగ్రహానికీ పొడుగాటి కుళ్ళాయి ఉంటుంది. రాయలకు అది దర్జా, కవిసార్వభౌముడికి తలనొప్పి. ఎవరి తల మీద ఉందన్నదాన్ని బట్టి టోపీ అర్థం మారుతుంది.

మన సినిమాలు ఈ వ్యవహారాన్ని పూర్తిగా తిరగేసి పెట్టాయి. జైలు నంబరు మనిషిని చిన్నబుచ్చాలి కదా? 1988లో 'ఖైదీ నంబర్ 786' వచ్చింది, జనం ఈలలు వేశారు. 2017 సంక్రాంతికి 'ఖైదీ నంబర్ 150' వచ్చింది. ఆ నూటయాభై ఏమిటంటే చిరంజీవి సినిమాల లెక్క! జైలు అంకెను కూడా హీరో ఖాతాలో జమ చేసిన ఘనత ప్రపంచంలో ఇంకెవరికీ ఉండదనుకుంటాను. మన హీరో ఖైదీ బట్టల్లో మామూలు బట్టల్లో కన్నా బాగుంటాడు, అతనికి కొలత తీసి కుట్టారు మరి.

2024లో వచ్చిన నాగ్ అశ్విన్ సినిమా 'కల్కి 2898 ఏడీ' మాత్రం నన్ను ఆలోచింపజేసింది. గొడవలూ యుద్ధాలూ అటుంచండి. అందులో కాంప్లెక్స్ అనే చోట ప్రయోగాల కోసం బంధించి ఉంచిన ఆడవాళ్ళకు పేర్లుండవు. దీపికా పదుకొణె పాత్రను పిలిచేది సమ్-80 అని. అక్కడి నుంచి తప్పించుకున్నాక ఆమెకు సుమతి అనే పేరు వస్తుంది. కొత్త పేరు ఎక్కడి నుంచో తెచ్చి తగిలించలేదు, ముద్ర వేసిన అక్షరాలూ అంకెల్లోంచే పలికించారు. నంబరును చెరిపేయకుండా దాన్ని పేరుగా చదవడం అనే ఆలోచన చాలా బాగుంది. అన్నన్ని కోట్లు ఖర్చు పెట్టి తీసిన సినిమాలో నాకు నచ్చింది ఖర్చులేని ఆ ముక్క.

ఇంతకీ, అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతాను. మన జైళ్ళ గురించి రాసేటప్పుడు ఈ యూనిఫారం పిచ్చి మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. 2022 చివరి నాటికి దేశంలోని ఖైదీల్లో నూటికి 75 మందికి పైగా శిక్ష పడనివాళ్ళే, విచారణ ఖైదీలే అని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. 1894 నాటి జైళ్ళ చట్టం ప్రకారం శిక్ష పడనివాడు తన బట్టలు తను తెప్పించుకోవచ్చు. తెప్పించుకునే స్తోమత లేకపోతే జైలు ఇస్తుంది. అంటే మన జైల్లో కనిపించే మనుషుల్లో ఎక్కువమంది ఉండేది సొంత చొక్కాల్లోనే. నంబరు చొక్కా కాదు, పెళ్ళికి కుట్టించుకున్న చొక్కా, పండక్కి కొన్న టీషర్టు, పనికి పోతూ వేసుకున్న లుంగీ. పట్టుకున్న రోజు ఏది ఒంటి మీద ఉంటే అదే. బెయిలుకు జామీను దొరక్క నెలలు గడుస్తాయి, కొందరికి ఏళ్ళు. ములాఖత్‌కు వచ్చే భార్య ఒక జత తెస్తుంది, మాసిందాన్ని పట్టుకెళ్తుంది. తర్వాత ఆమె రాకపోకలు తగ్గుతాయి. చొక్కా కాలరు నలుగుతుంది, మోచేయి దగ్గర పిగులుతుంది, రంగు దిగిపోతుంది. రాజ్యం అతని బట్ట మార్చలేదు, నంబరు కుట్టలేదు. తన బట్టల్లోనే ఉంచి, ఆ బట్టలు ఒంటి మీదే పాతబడేదాకా కూర్చోబెట్టింది.

ఆర్వెల్‌కు ఈ చొక్కా తెలియదు, జమ్యాతిన్‌కూ తెలియదు. మనకు తెలుసు. వట్టికోట ఆళ్వారుస్వామి 'జైలు లోపల' కథలు చదవండి, లోపలి మామూలు మనుషుల్ని ఆయన ఎంత దగ్గరగా చూశాడో తెలుస్తుంది. ఆ చూపు తర్వాత తరాల్లో పలచబడింది. దానికి ఇప్పుడు సాంకేతిక నగరాలూ, లోహపు తలుపులూ అడ్డం వచ్చాయి. డిస్టోపియా రాయొద్దని కాదు, తప్పకుండా రాయండి. 2150లో జరిగే కథలో కూడా ఒక విచారణ ఖైదీ తన పెళ్ళి చొక్కాతో కూర్చుని ఉండొచ్చు. పాఠకుడు ఉలిక్కిపడేది అతన్ని చూసే.

కాబట్టి చిత్తూరు, తిరుపతి పక్కల ఉండి కథలు రాసే అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఒక పని చెబుతాను. ఒక పొద్దున కోర్టు ఆవరణకు పోయి, వాయిదాకు తెచ్చిన వాళ్ళు పోలీసు వ్యాను దిగే చోట చెట్టు కింద నిలబడండి. ఎవరినీ పేరడగొద్దు, కేసేమిటని అసలు అడగొద్దు, ఫోన్ తీసి ఫోటోలు అసలే వద్దు. చొక్కాలు మాత్రం చూడండి. ఏ గుండీ ఊడింది, ఏ జేబు చిరిగింది, ఎవరి కాలరు లోపల ఇంకా చాకలి గుర్తు మిగిలుంది. ఇంటికొచ్చి కథ రాయండి. బూడిదరంగు లేని ఆ కథ నాకు పంపితే మొదట చదివేది నేనే.